చేతికి అందిన మూగజీవి – అల్లాహ్ అప్పగించిన అమానతు

మొదటి ఖుత్బా

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ఈ సృష్టిని ఉనికిలోనికి తెచ్చాడు. అందులో ఏ ప్రాణినీ ఉపాధి లేకుండా వదిలిపెట్టలేదు. మాట నేర్చిన మనిషి మొరను ఎంత స్పష్టంగా వింటాడో, నోరులేని జీవి నిట్టూర్పును కూడా ఆయన అంతే స్పష్టంగా వింటాడు. సకల లోకాల పాలిట కారుణ్యంగా వచ్చిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, ఆయన కుటుంబీకులపైన, ప్రియ సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలు నిరంతరం వర్షించుగాక!

ధర్మ సోదరులారా!

అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి జీవించవలసిందిగా ముందుగా మాకు మేము, పిదప మీకు హితవు చెబుతున్నాము. భయభక్తులు నమాజు వరుసలో నిలబడినప్పుడు మాత్రమే ఉండవలసినవి కావు. వ్యాపారంలోనూ ఉండాలి, కుటుంబంలోనూ ఉండాలి, వినోదంలోనూ ఉండాలి. మనిషి పనిలో ఉన్నప్పటికంటే సరదాలో ఉన్నప్పుడే తన బాధ్యతను త్వరగా మరచిపోతాడు. అందుకే ఈ జుమా నాడు మన పిల్లల వినోదానికి సంబంధించిన ఒక విషయాన్ని ధర్మపు వెలుగులో పరిశీలిద్దాము.

నేడు మన నగరాల శివార్లలోని రిసార్టులలో, ఫామ్‌హౌసులలో, సెలవు రోజుల ఎగ్జిబిషన్లలో, చివరకు మాల్స్‌లో కూడా ‘పెట్టింగ్ జూ’ అనే ఏర్పాటు కనిపిస్తోంది. టికెట్టు కొని లోపలికి వెళితే పిల్లలు కుందేళ్లను ఎత్తుకోవచ్చు, మేకపిల్లలకు సీసాతో పాలు పట్టవచ్చు, తాబేలును అరచేతిలో పెట్టుకోవచ్చు, రంగురంగుల విదేశీ చిలుకను భుజంపై కూర్చోబెట్టుకొని ఫోటో దిగవచ్చు. బయట పొట్టి గుర్రమో, ఒంటెనో సవారీకి సిద్ధంగా నిలబడి ఉంటుంది. పిల్లలు కేరింతలు కొడతారు, తల్లిదండ్రులు సంతోషిస్తారు. ఇందులో తప్పేముంది అని ఎవరికైనా అనిపించడం సహజమే.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాము. పిల్లలు జంతువులను, పక్షులను ప్రేమించడాన్ని ఇస్లాం నిరాకరించదు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆయన చిన్నారి తమ్ముడు అబూ ఉమైర్ వద్ద ఒక చిన్న పిట్ట ఉండేది. దైవప్రవక్త (సఅసం) ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ బాలుణ్ణి పలకరించి, పిట్ట సంగతి అడిగేవారు. పిట్ట చనిపోయి బాలుడు దిగులుగా ఉంటే ఆ దిగులును కూడా ఆయన చిన్నచూపు చూడలేదు. రాజ్య బాధ్యతలు, యుద్ధ బాధ్యతలు మోస్తున్న మహనీయుడు ఒక పసివాడి పిట్ట కోసం సమయం కేటాయించారు. షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుంచి 60 ప్రయోజనాలను వెలికితీసి ప్రత్యేకంగా రచన చేశారు. పిల్లవాడు పక్షిని పెంచుకోవచ్చని పండితులు దీని ఆధారంగానే చెప్పారు. అయితే వారు దానికి ఒక షరతు జోడించారు: దానికి తిండి, నీరు అందాలి, దానిని హింసించకూడదు. అనుమతిని గుర్తుంచుకొని షరతును వదిలివేయడం న్యాయం కాదు.

సోదరులారా! ఇప్పుడు ఆ షరతును చేతపట్టుకొని పెట్టింగ్ జూ కంచె లోపలికి చూద్దాము.

కుందేలును తీసుకోండి. అది వేటకు గురయ్యే జీవి. అల్లాహ్ దాని స్వభావంలో భయాన్ని ఒక రక్షణగా ఉంచాడు. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు, పారిపోయే దారి లేనప్పుడు అది కదలకుండా బిగుసుకుపోతుంది. వెల్లకిలా పట్టుకుంటే చలనం లేనట్లు పడివుంటుంది. చూసేవారు “ఎంత సాధువో! ఎంత బాగా ఒడిలో కూర్చుందో!” అని మురిసిపోతారు. నిజానికి దాని గుండె వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. అది మనపై చూపుతున్నది ప్రేమ కాదు, ప్రాణభయం. దాని వెన్నెముక సున్నితమైనది; భయంతో వెనుక కాళ్లు బలంగా తన్నినప్పుడు వెన్ను విరిగే ప్రమాదం ఉంది. చెవులు పట్టి ఎత్తితే దానికి తీవ్రమైన నొప్పి. ఎండ విషయానికొస్తే, 30 డిగ్రీలు దాటిన వేడికే అది అల్లాడిపోతుంది. మన తెలుగు నేలపై వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సెలవులూ అప్పుడే, సందర్శకుల రద్దీ కూడా అప్పుడే.

కోడిపిల్లను తీసుకోండి. పుట్టిన మొదటి వారంలో దానికి 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్కల కింద అల్లాహ్ ఆ ఏర్పాటు చేశాడు. ఎగ్జిబిషన్లలో, బస్టాండ్ల దగ్గర అట్టపెట్టెల్లో గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగులు పూసి అమ్మే కోడిపిల్లలను మనమందరం చూస్తూనే ఉంటాము. గుడ్ల కోసం పెంచే జాతులలో మగపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ పెద్దగా పనికిరావు. అందుకే హేచరీలు వాటిని వదిలించుకోవాలని చూస్తాయి. వాటిలో కొన్ని ఇలా రంగు బొమ్మలై పిల్లల చేతులకు చేరుతాయి. ఇంటికి తెచ్చిన ఆ పిల్లల్లో అనేకం కొద్ది రోజులకే చనిపోతాయి. బిడ్డ ఏడుస్తాడు, “ఇంకొకటి కొనిపెడతాలే” అని తండ్రి ఓదారుస్తాడు. ప్రాణం పోతే బదులుగా మరో ప్రాణం కొనవచ్చు అనే పాఠం ఆ పసిమనసులో ఆనాడే నాటుకుంటుంది.

మేకపిల్లను తీసుకోండి. సందర్శకులు సీసాతో పాలు పట్టాలంటే అది ఆకలితో ఉండాలి. ఆకలితో ఉండాలంటే దానిని తల్లి నుంచి వేరు చేయాలి. పెద్ద మేకలకు వచ్చినవారంతా బిస్కెట్లు, బ్రెడ్డు తినిపిస్తారు. నెమరువేసే జంతువు కడుపును అల్లాహ్ గడ్డి కోసం, ఆకు కోసం నిర్మించాడు. పిండి పదార్థాలు ఎక్కువైతే ఆ కడుపులో ఆమ్లం పెరుగుతుంది, ఉబ్బరం వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ప్రేమగా పెట్టిన తిండే దానికి విషంగా మారుతుంది.

సోదరులారా! ఇప్పుడు దైవప్రవక్త (సఅసం) జీవితం వైపు చూద్దాము.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. దైవప్రవక్త (సఅసం) ఒక అన్సారీ సహచరుని తోటలోకి వెళ్లారు. అక్కడొక ఒంటె ఆయనను చూడగానే మూలిగింది. దాని కళ్ల వెంట నీరు కారింది. ఆయన దాని దగ్గరకు వెళ్లి తల నిమిరారు. అది శాంతించింది. అప్పుడాయన దాని యజమాని ఎవరని విచారించారు. వచ్చిన యువకునితో, అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ జీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని నిలదీశారు. దానిని ఆకలితో మాడుస్తున్నావని, అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది తనకు మొరపెట్టుకుందని తెలియజేశారు.

ఈ సంఘటనలో రెండు చేతులను గమనించండి. ఒకటి యజమాని చేయి. దానికి హక్కు ఉంది, కానీ జాలి లేదు. రెండవది దైవప్రవక్త (సఅసం) చేయి; అది ఒంటెను నిమిరింది. అయితే ఆ స్పర్శ ఆయన సరదా కోసం కాదు, ఒంటె ఉపశమనం కోసం. పెట్టింగ్ జూలో జంతువును తాకే ప్రతి చేయీ తనను తాను ప్రశ్నించుకోవాలి: ఈ స్పర్శ ఎవరి కోసం? నా కోసమా, దాని కోసమా?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) మరో సంఘటన తెలిపారు. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పక్షికి చెందిన రెండు పిల్లలను పట్టుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అల్లాడసాగింది. దైవప్రవక్త (సఅసం) అది చూసి, పిల్లలను తీసి దీనిని బాధపెట్టినదెవరు, వీటిని తిరిగి ఇచ్చివేయండి అని ఆదేశించారు. పిల్లలను పట్టినవారు క్రూరులు కారు, ఆయన ప్రియ సహచరులు. అయినా తల్లి వేదన ముందు ఆ ముచ్చట చెల్లలేదు. సీసా పాల ముచ్చట కోసం తల్లి నుంచి వేరుచేసిన పిల్లలను చూసినప్పుడు ఈ హదీసు మనకు గుర్తుకు రావాలి.

పిల్లిని బంధించిన స్త్రీ గురించిన హదీసు మనలో అందరికీ తెలిసినదే. ఆమె దానికి తిండి పెట్టలేదు; తన తిండి తాను వెతుక్కునేందుకు వదలనూ లేదు. అది చనిపోయింది, ఆమె శిక్షకు పాత్రురాలయింది. ఇక్కడ నేరం ఆకలితో మాడ్చడం మాత్రమే కాదు, దారి మూసివేయడం కూడా. స్వేచ్ఛగా తిరిగే జీవికి ఉపాధి వెతుక్కునే దారులను అల్లాహ్ తెరిచి ఉంచాడు. మనం దానికి తలుపు మూసిన క్షణంలోనే దాని తిండి, నీరు, నీడ, విశ్రాంతి, మందు అన్నీ మన మెడపై బాధ్యతలై కూర్చుంటాయి. బోను ఎంత అందంగా ఉన్నా ఈ బాధ్యత తగ్గదు. సందర్శకులు ఎంత ఎక్కువ వచ్చినా ఇది తగ్గదు; పైగా పెరుగుతుంది.

జంతువుల వీపులను వేదికలుగా చేసుకోవద్దని కూడా దైవప్రవక్త (సఅసం) వారించారు. అవసరమైన ప్రయాణానికి అల్లాహ్ వాటిని మనకు లోబరిచాడు. నిలబడి కబుర్లు చెప్పుకోవడానికి భూమి ఉంది. ఎదురుచూస్తూ, ఫోటోలు దిగుతూ గంటల తరబడి బరువు మోయించడం ఆ కారుణ్య బోధకు విరుద్ధం. సాయంత్రం నుంచి రాత్రి వరకు ఒకే చోట గుండ్రంగా తిరిగే గుర్రం, కణకణలాడే సిమెంటు నేలపై ముక్కుతాడుతో నిలబడే ఒంటె ఏ గమ్యానికి ప్రయాణిస్తున్నాయి?

సోదరులారా! ఇక్కడ కొందరు ఒక ప్రశ్న అడుగుతారు. “మనం జంతువులను జిబహ్ చేస్తాము, మాంసం తింటాము. అలాంటప్పుడు కుందేలును ఎత్తుకుంటే పట్టింపు ఎందుకు?” ఇది దాటవేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానం జిబహ్ నియమాలలోనే ఉంది. కత్తికి పదును పెట్టాలని, జంతువుకు ఉపశమనం కలిగించాలని హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఆదేశిస్తోంది. ప్రాణం తీసే ఆ చివరి క్షణంలో సైతం ఉత్తమ వైఖరిని విధిగా చేసిన ధర్మం, ప్రాణంతో ఉన్న రోజులలో దానిని ఎలా చూసుకున్నా ఫరవాలేదంటుందా? అవసరానికి, వినోదానికి మధ్య తేడాను కూడా ధర్మం గుర్తించింది. ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టి బాణాలకు గురిచేస్తూ పందెం ఆడుతుంటే హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) తీవ్రంగా ఖండించారు. ప్రాణమున్న దానిని గురిగా చేసేవారిని దైవప్రవక్త (సఅసం) శపించారని హెచ్చరించారు. వేట అనుమతించబడినదే, కానీ ప్రాణంతో ఆట అనుమతించబడలేదు.

మరో ప్రశ్న: “జంతువులకు హక్కులనేవి ఆధునికులు తెచ్చిన మాట కదా?” కాదు సోదరులారా! హి.శ. 660లో, అంటే క్రీ.శ. 1262లో పరమపదించిన మహా పండితుడు ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ తన ‘ఖవాయిదుల్ అహ్‌కామ్’ గ్రంథంలో మానవునిపై జంతువులకు గల హక్కులను వరుసగా పేర్కొన్నారు. వాటిని పోషించాలి, ముసలివైనా, జబ్బుపడినా, వాటితో ఇక ప్రయోజనం లేకపోయినా సరే పోషించాలి. శక్తికి మించిన భారం వేయకూడదు. వాటికి హాని చేసే జంతువులతో కలిపి ఉంచకూడదు. వాటి పడుకునే తావులను చక్కగా ఉంచాలి. వాటి పిల్లలను వాటి కళ్లెదుటే కోయకూడదు. ఏడున్నర శతాబ్దాల క్రితం వ్రాసిన ఈ జాబితాతో నేటి పెట్టింగ్ జూలను పరిశీలిస్తే ఎన్ని నిలబడతాయో ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు. ముఖ్యంగా “ప్రయోజనం లేకపోయినా పోషించాలి” అన్న హక్కు దగ్గర ఆగండి. సెలవులు ముగిశాక, మేకపిల్ల పెద్దదై ముద్దుపోయాక, కుందేలు కన్ను పుండుపడ్డాక అవి ఎక్కడికి పోతాయి? టికెట్టు కొన్న మనకు ఆ ప్రశ్న అడిగే బాధ్యత లేదా?

పాపకార్యాలలో సహకరించుకోవద్దని అల్లాహ్ మాయిదా సూరా రెండవ ఆయతులో ఆజ్ఞాపించాడు. కంచె లోపల హింస జరుగుతున్నదని తెలిసి కూడా డబ్బు చెల్లించేవాడు కేవలం ప్రేక్షకుడు కాడు. అతని డబ్బుతోనే ఆ కంచె నిలబడుతుంది.

అల్లాహ్ మనకు, మీకు సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆయన క్షమాభిక్షను అర్థిస్తున్నాము, మీరూ అర్థించండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలి, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పై శాంతి శుభాలు కురియుగాక!

ధర్మ సోదరులారా! హితబోధ ఆచరణగా మారినప్పుడే దానికి విలువ. అందుకని కొన్ని విషయాలు క్లుప్తంగా గుర్తుచేసుకుందాము.

మొదటిది తల్లిదండ్రులకు. పిల్లలను జంతువులకు దూరం చేయకండి. వాటి బాధకు దగ్గర చేయండి. టికెట్టు కొనే ముందు కొంచెం గమనించండి. జంతువు మనుషుల నుంచి తప్పించుకొని దాక్కునే చోటు ఉందా? నీడ, శుభ్రమైన నీరు ఉన్నాయా? ఎత్తుకోవడానికి ఎవరికి పడితే వారికి ఇస్తున్నారా, లేక వేళలు, విశ్రాంతి పాటిస్తున్నారా? పిల్లల పక్కన తల్లి ఉందా? వీటికి సరైన జవాబు దొరకకపోతే వెనుదిరగండి. వెనుదిరిగిన కారణాన్ని బిడ్డకు నెమ్మదిగా వివరించండి. ఆ రోజు ఆ బిడ్డ కుందేలును తాకకపోవచ్చు. కానీ కారుణ్యం అంటే ఏమిటో నేర్చుకుంటాడు.

ఆరోగ్యం కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. 2009లో ఇంగ్లాండ్‌లోని సర్రే ప్రాంతంలో సందర్శకులకు తెరిచి ఉంచిన ఒక పశుక్షేత్రం నుంచి ఈ.కోలై ఓ157 అనే సూక్ష్మక్రిమి సోకి 93 మంది జబ్బుపడ్డారు. వారిలో అత్యధికులు చిన్న పిల్లలు. జంతువు ఆరోగ్యంగా కనిపించినా దాని పేడలో, వెంట్రుకలపై ఇటువంటి క్రిములు ఉండవచ్చు. జంతువులను తాకిన తరువాత సబ్బుతో చేతులు కడిగించకుండా పిల్లలకు ఏమీ తినిపించవద్దు. శుభ్రత మన విశ్వాసంలో భాగం.

రెండవది ఈ వృత్తిలో ఉన్న సోదరులకు. పక్షుల వ్యాపారంలో, గుర్రాల, ఒంటెల సవారీలో మన వారు ఎందరో ఉన్నారు. వారి శ్రమను, వారి ఇంటి పొయ్యిని మనం గౌరవిస్తాము. సోదరులారా! మీ సంపాదన హలాల్ కావాలంటే మీ జంతువు కడుపు మీ కడుపుకంటే ముందు నిండాలి. ఎండ వేళ సవారీ ఆపండి. బరువుకు, గంటలకు ఒక హద్దు పెట్టుకోండి. పుండుపడిన వీపుపై జీను వేయకండి. రంగు పూసిన కోడిపిల్లల బేరం మానుకోండి. దేశ చట్టాన్ని కూడా పాటించండి. జంతువులను అనవసర బాధకు గురిచేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మన దేశపు రామచిలుకలను, నక్షత్ర తాబేళ్లను పట్టడం, అమ్మడం, బోనులో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. ఈ విషయంలో చట్టం చెబుతున్నదీ, ధర్మం కోరుతున్నదీ ఒకే దిశలో ఉన్నాయి. సందర్శకులు కూడా మృదువుగా మాట్లాడండి. ఒంటెను అటూఇటూ గుంజుతున్న హజ్రత్ ఆయిషా (రజి) కు దైవప్రవక్త (సఅసం) మృదుత్వాన్నే బోధించారు. జంతువు పట్ల మృదుత్వం కోరే మనం దాని యజమాని పట్ల కఠినంగా ప్రవర్తించడం తగదు.

మూడవది ఖుర్బానీ గురించి. బక్రీదుకు కొన్ని రోజుల ముందే మేకలు, పొట్టేళ్లు మన వీధులకు వస్తాయి. పిల్లలు వాటి చుట్టూ చేరతారు. ఆ రోజులలో మన ఇంటి ముంగిలే ఒక పెట్టింగ్ జూ అవుతుంది. చెవులు లాగడం, వీపు ఎక్కడం, పొట్టేళ్లను ఢీకొట్టించడం, అన్నం, బిస్కెట్లు అతిగా తినిపించడం ఆరాధనకు శోభనివ్వవు. తాడు పొడవుగా ఉంచండి, నీడలో కట్టండి, నీటి తొట్టి నిండుగా ఉంచండి. గడ్డి, ఆకు పెట్టడం, నీళ్లు పట్టడం పిల్లలకే అప్పగించండి. అల్లాహ్ పేరున సమర్పించబోయే జీవికి సేవ చేసిన పిల్లవాడికి ఖుర్బానీ అర్థం కొంతైనా తెలుస్తుంది.

నాలుగవది, ప్రత్యామ్నాయం. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలోకి దిగి, తోలుమేజోడుతో నీరు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించాడు. ఆ హదీసులో టికెట్టు లేదు, బోను లేదు. మేడమీద ఒక మట్టి మూకుడులో నీరు, పిడికెడు గింజలు పెట్టండి. పిచ్చుక వస్తుంది, పావురం వస్తుంది, ఉడుత వస్తుంది. తమంతట తాము వస్తాయి, తమంతట తాము వెళతాయి. దూరంగా కూర్చొని చూడటం పిల్లలకు నేర్పండి. భయపడని జీవి ఎలా ఉంటుందో వారు అక్కడ చూస్తారు. నేలపై తిరిగేవి, ఆకాశంలో ఎగిరేవి అన్నీ మనలాంటి సముదాయాలేనని అల్లాహ్ అన్ఆమ్ సూరాలో తెలియజేశాడు. ఆ సముదాయాలను వాటి తావులోనే చూసి సంతోషించడం కూడా ఆయన సూచనలను పరిశీలించడమే.

ఓ అల్లాహ్! మా హృదయాలను మృదువుగా చేయి. మా అధీనంలో నీవు ఉంచిన ప్రతి ప్రాణి విషయంలో మమ్మల్ని నమ్మకస్తులుగా నిలుపు. మా సంతానానికి బలహీనుల పట్ల జాలిని ప్రసాదించు. నోరులేని జీవులు తీర్పుదినాన మాపై ఫిర్యాదు చేసే స్థితి నుంచి మమ్మల్ని కాపాడు. మూగజీవులపై బ్రతుకు సాగించే మా సోదరుల ఉపాధిలో శుభాన్ని, వారి చేతులలో కరుణను నింపు. మా మరణించిన వారిని మన్నించు, మా వ్యాధిగ్రస్తులకు స్వస్థతనివ్వు, మా దేశంలో శాంతిని నెలకొల్పు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! లేవండి, నమాజు నెలకొల్పండి.